పటాన్‌చెరు చలిలో కరివేపాకు

సంక్రాంతి దగ్గర పడే రోజుల్లో రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి కాలనీల్లో పెరటి కరివేపాకు చెట్లు దిగాలుగా కనిపిస్తాయి. కింది రెబ్బలు పసుపుబారి రాలిపోతుంటాయి. కొమ్మల చివర చిగురు కనిపించదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండాల్సిన చెట్టు ఇలా బోసిపోయిందేమిటని ఇంటివాళ్లు కంగారుపడి, నీళ్లు చాల్లేదనుకుని మరో రెండు బకెట్లు పోస్తారు. మే నెలలో అయితే ఆ నీళ్లు చెట్టును నిలబెట్టేవి. జనవరిలో మాత్రం అవే వేళ్లకు ఎసరు పెడతాయి. ఈ ప్రాంతంలో ఎండకు చచ్చే కరివేపాకు మొక్కలు తక్కువ. చలికాలంలో అతిగా నీళ్లు పోయడం వల్ల, నేల పడకపోవడం వల్ల పోయేవే ఎక్కువ.

కరివేపాకును, ఈ పల్లెల్లో చాలామంది నోట కల్యమాకును, ఎక్కడైనా బతికే మొండి మొక్కగా లెక్కేస్తారు. అందులో సగమే నిజం. హిమాలయాల దిగువ అడవుల నుంచి శ్రీలంక దాకా సహజంగా పెరిగే మొక్క ఇది. వేడిని బాగా తట్టుకుంటుంది. అయితే రాత్రి ఉష్ణోగ్రత 16 డిగ్రీలకు దిగువన రోజుల తరబడి ఉంటే దాని మొగ్గలు నిద్రలోకి జారుకుంటాయి. పటాన్‌చెరు సముద్రమట్టానికి 540 మీటర్లకు పైన దక్కన్ పీఠభూమి మీద ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలిలో తేమ తక్కువ. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. అందుకే ఈ రెండు నెలల్లో చాలా రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగుతాయి. చలిగాలులు వీచినప్పుడు సంగారెడ్డి జిల్లా పడమటి వైపున్న కోహీర్, న్యాల్‌కల్ ప్రాంతాల్లో పది డిగ్రీలకూ దిగువన నమోదవుతుంది. ఆదిలాబాద్ వైపు తర్వాత తెలంగాణలో చలి గట్టిగా తగిలేది ఇక్కడే.

అప్పుడు చెట్టులో జరిగేది ఇదీ. జీవకణాల చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థాలతో తయారవుతుంది. చలికి నెయ్యి పేరుకున్నట్టు ఆ పొర బిగుసుకుంటుంది. వేరు కణాల పొరలు బిగుసుకుంటే వాటి గుండా నీరు వెళ్లడం మందగిస్తుంది. కానీ ఇక్కడి చలికాలపు మధ్యాహ్నం చల్లగా ఉండదు. ఎండ 28, 30 డిగ్రీల దాకా పోతుంది, గాలి పొడిగా ఉంటుంది, ఆకుల నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. పైన ఖర్చు, కింద రాబడి లేదు. ఈ తేడాను సర్దుకోవడానికి చెట్టు ముదురు ఆకుల్లోని నత్రజనిని వెనక్కి లాక్కుని, కాడ మొదట్లో కణాలను సడలించి వాటిని రాల్చేస్తుంది. అది జబ్బు కాదు. ఆ సమయంలో వేళ్లు పీల్చని నీరు మట్టిలోని గాలి ఖాళీలను నింపేస్తే మాత్రం వేళ్లకు ఊపిరాడదు, బూజు తెగుళ్లు చేరతాయి. ఫిబ్రవరిలో రాత్రులు వెచ్చబడ్డాక మామూలుగా అయితే కణుపు కణుపునా ఎర్రటి చిగుళ్లు రావాలి. కుళ్లిన వేళ్ల మీద ఆ చిగురు రాదు.

కుండీ మొక్కకు ఈ బాధ రెట్టింపు. నేలలో అడుగు లోతున మట్టి చలికాలంలోనూ వెచ్చగానే ఉంటుంది. మేడ మీద పిట్టగోడ పక్కన పెట్టిన కుండీకి ఆ భాగ్యం లేదు. నాలుగు వైపులా చల్లగాలి తగిలి తెల్లవారేసరికి మట్టంతా బయటి గాలంత చల్లబడుతుంది. డిసెంబరులో కుండీని దక్షిణం ఎండ తగిలే గోడ పక్కకు జరిపి, వేలు రెండు కణుపుల లోతు దాకా గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోస్తే చాలు. పోసేది కూడా ఎండ వచ్చాక పోయాలి, సాయంత్రం వద్దు. ఎరువులు ఫిబ్రవరి దాకా ఆపాలి. నిద్రపోతున్న మొక్కకు యూరియా వేస్తే అది నీళ్లతో పాటు కిందికి పోతుంది తప్ప ఆకుకు అందదు.

ఈ నిద్ర అన్ని రకాల్లో ఒకేలా ఉండదు. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎంపిక చేసిన రెండు రకాలు ఇందుకు మంచి ఉదాహరణ. ధార్వాడ్ కూడా మనలాగే పీఠభూమి మీది ఊరు, అక్కడా చలికాలం రాత్రులు చల్లగానే ఉంటాయి. మొదటి రకం డీడబ్ల్యూడీ-1. దాని ఆకులో సుగంధ తైలం 5.22 శాతం. ఘాటు ఎక్కువే, కానీ చలికి బాగా లొంగిపోతుంది. జనవరి ఆఖరు దాకా మొగ్గ విచ్చదు. రెండోది డీడబ్ల్యూడీ-2. తైలం 4.09 శాతమే అయినా చలిని తట్టుకుంటుంది, ఆకు దిగుబడి ఎక్కువ. సంగారెడ్డి వైపు పెరట్లో ఏడాదంతా ఆకు కావాలనుకునేవారికి రెండోదే నయం. నర్సరీల్లో సాధారణంగా ‘కరివేపాకు మొక్క’ అని మాత్రమే అమ్ముతారు. రకం అడిగి తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. నర్సరీవాళ్లు చెప్పలేకపోతే జనవరిలో కూడా చిగురు వేసే చెట్టు చుట్టుపక్కల ఎవరింట్లో ఉందో చూసి, దాని పిలక అడిగి తెచ్చుకోవడం ఉత్తమం. వేరు నుంచి లేచిన పిలకకు తల్లి చెట్టు గుణాలన్నీ వస్తాయి, చలిని తట్టుకునే గుణంతో సహా.

అసలు చలి అంటే ఏమిటో న్యూజెర్సీ, డల్లాస్ తెలుగు ఇళ్లకు తెలుసు. అక్కడి చలికాలంలో బయట ఉన్న కరివేపాకు బతకదు. మంచు కురిసే మట్టానికి చలి చేరితే ఆకు కణాల్లో నీరు గడ్డకట్టి పొరలు చిరిగిపోతాయి, ఆకులు ఉడికినట్టు నల్లబడి వేలాడతాయి. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌ దాకా పడిపోయింది. అలాంటి రాత్రి కరివేపాకును నేలలో ఉంచి దుప్పటి కప్పినంత మాత్రాన కాపాడుకోలేం. కాబట్టి అక్కడివాళ్లు దాన్ని మొదటి నుంచీ కుండీలోనే పెంచుతారు. అక్టోబరులో ఇంట్లోకి తెస్తారు, మే వస్తే వరండాలోకి చేరుస్తారు.

ఇంట్లోకి తెచ్చాక ఆకు రాలితే చలి వల్లే అనుకుంటారు గానీ, ఇంట్లో చలి ఎక్కడిది? అక్కడ కొరవడేది వెలుతురు. నవంబరు ఆఖరుకు ఆ అక్షాంశాల్లో పగలు పది గంటల దగ్గరికి తగ్గిపోతుంది. అద్దాల కిటికీలోంచి వచ్చే వెలుగు ఆరుబయటి ఎండలో చిన్న వంతే. వెలుతురు తక్కువైతే కిరణజన్య సంయోగక్రియ తగ్గుతుంది. ఆకును పోషించే ఖర్చు దాని రాబడిని మించినప్పుడు చెట్టు ఆకును వదిలేస్తుంది. దానికి తోడు హీటర్ గాలి తేమను పీల్చేస్తుంది, ఎర్రనల్లి చేరుతుంది. దక్షిణం కిటికీ, దీపం, నీళ్లలో పొదుపు, వారానికోసారి ఆకుల అడుగున నీటితో కడగడం, ఇవే అక్కడి మందు. వసంతంలో బయటికి తీసేటప్పుడు ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి. వారం పది రోజులు నీడలో ఉంచి అలవాటు చేయాలి.

అమెరికాకు ఇండియా నుంచి పచ్చి కరివేపాకు పట్టుకెళ్లడం కుదరదు. దానికి కారణం ఓ చిన్న పురుగు. నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగ, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబపు లేత చిగుళ్లంటే ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే పురుగుకు ప్రాణం. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. రెక్కల మీద గోధుమరంగు మచ్చలు. చిగురు మీద తల కిందికి ఆన్చి, తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది. ఆ భంగిమ చూస్తే మళ్లీ మర్చిపోలేం. దాని పిల్లలు విచ్చీ విచ్చని చిగురులో ఒదిగి రసం పీలుస్తూ తెల్లటి మైనపు పోగుల్ని వదులుతాయి. నిమ్మజాతి చెట్లను ఎండబెట్టే గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియాను చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఇదే. కరివేపాకుకు ఆ తెగులు పట్టదు గానీ, దాన్ని మోసే పురుగుకు అది ఇల్లూ వాకిలీ.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలకు పైగా నారింజ పండించిన ఆ రాష్ట్రం 2022-23 నాటికి కోటి అరవై లక్షల పెట్టెల దగ్గరికి పడిపోయింది. మధ్యలో తుపాన్లు కూడా దెబ్బతీశాయి, అయినా అసలు శత్రువు ఈ తెగులే. కాబట్టి సూట్‌కేసులో చీర మడతల మధ్య ఓ కట్ట కరివేపాకు పెట్టుకెళ్లడం చిన్న విషయం కాదు. నల్లగొండ బత్తాయి తోటలున్న రాష్ట్రంలో ఉండే మనం కూడా పెరటి కరివేపాకు చిగుళ్లను గమనిస్తూ ఉండాలి. తెల్లటి పోగులు కనిపిస్తే ఆ కొసలు తుంచి సబ్బు నీళ్లలో వేసి, చెట్టు మీద వేపనూనె పిచికారీ చేయాలి.

గొంగళి పురుగుల సంగతి వేరు. లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగులో రెండు కొమ్ముల్లాంటివి బయటికి చాపి, ఘాటైన వాసన వదులుతుంది. ఆ వాసనతో చీమలు, పిట్టలు వెనక్కి తగ్గుతాయి. పెద్ద చెట్టయితే పది రెబ్బలు తిననివ్వడంలో నష్టమేమీ లేదు. చిన్న మొక్కయితే చేత్తో ఏరి నిమ్మచెట్టు మీదికి మార్చవచ్చు.

ఇక నేల సంగతి. ఈ విషయంలో పటాన్‌చెరుకు ప్రపంచంలోనే పేరుంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో ఇక్కడ వెలయడానికి ఒక ముఖ్య కారణం, మెట్ట సేద్యానికి ఆయువుపట్టులైన రెండు నేలలూ ఒకే ఆవరణలో పక్కపక్కనే దొరకడం. ఒకటి ఎర్ర చెలక, దాన్ని నేల శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శ్రేణి అంటారు. రెండోది నల్లరేగడి, దాని పేరు కాసిరెడ్డిపల్లి శ్రేణి. పక్క ఊళ్ల పేర్లు ఇలా నేలల శాస్త్రంలో నిలిచిపోయాయి. చెలకలో నీరు త్వరగా ఇంకుతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది, కరివేపాకు హాయిగా పెరుగుతుంది. నల్లరేగడిలో అలా కాదు. వానకు ఉబ్బి నీటిని పట్టేస్తుంది, ఎండకు నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. పైగా అందులో సున్నం పాలు ఎక్కువ, ఉదజని సూచిక 8 దాటుతుంది.

ఆ సున్నమే కరివేపాకును పసుపు పచ్చగా మారుస్తుంది. కొత్త చిగురు ఆకుల్ని దగ్గరగా చూడండి. ఈనెలు పచ్చగా ఉండి, మధ్యభాగం వెలిసిపోయి ఉంటే అది ఇనుపధాతు లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, క్షార గుణం వల్ల అది కరగని రూపంలో ఇరుక్కుపోయి వేళ్లకు అందదు. ఇనుము లేనిదే పత్రహరితం తయారు కాదు. చలికాలంలో ముదురు ఆకు పసుపుబారుతుంది, ఇనుము లోపంలో లేత ఆకు పసుపుబారుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. మందు సులభం: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లని వేళ, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు ఆకులు తడిసేలా కొట్టాలి. నిమ్మ ఉప్పు ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచుతుంది. పిచికారీ చేసిన ఆకును కొన్ని రోజులాగి కడిగి వాడుకోవాలి.

కొత్త వెంచర్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇల్లు కట్టాక మిగిలిన సిమెంటు పెళ్లలు, కంకర, ఇటుక ముక్కలు చదును చేసి పైన అరడుగు మట్టి పోస్తారు. ఆ సిమెంటులోంచి సున్నం ఊరుతూనే ఉంటుంది. అక్కడ నాటేటప్పుడు రెండడుగుల గుంత తీసి, శిథిలాలన్నీ ఏరేసి, చెలక మట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపాలి. ఇది ఒక పూట పని, దాని ఫలితం ఇరవై ఏళ్లు ఉంటుంది.

మజ్జిగ మాటేమిటి? కరివేపాకు మొదట్లో పులిసిన మజ్జిగ పోయని తెలుగిల్లు ఉండదు. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం తాత్కాలికంగా కొంత ఇనుమును కరిగిస్తుంది, అందులోని మాంసకృత్తులు మెల్లగా నత్రజనినిస్తాయి. కుండీలో, చెలకలో ఆ మేలు కొంత కనిపిస్తుంది. సున్నపు నల్లరేగడిలో మాత్రం గ్లాసెడు మజ్జిగ పులుపును మట్టి క్షణాల్లో విరిచేస్తుంది. పోయొద్దని కాదు, దాన్నే నమ్ముకుని అన్నభేదిని మర్చిపోవద్దు.

నీటి గురించి కాస్త గట్టిగానే చెప్పుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో ఔషధ, రసాయన పరిశ్రమలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఇసకవాగు, నక్కవాగుల కాలుష్యం మీద న్యాయస్థానాల్లో పోరాటాలు జరిగాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ తర్వాతి పరిశోధనల్లో చుట్టుపక్కల ఊళ్ల బావి నీటిలోనూ మందుల ఆనవాళ్లు కనిపించాయి. బోరు నీళ్లకు రంగో, నురగో, తేడా వాసనో ఉంటే వాటితో కూరాకు పెంచకూడదు. అవి లేకపోయినా పరీక్ష చేయించడం మేలు. ఈ ప్రాంతంలో ఏటా 800 నుంచి 900 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మేడ మీది వాన నీటిని పీపాల్లో పట్టుకుంటే రెండు మూడు కుండీలకు చాలాకాలం వస్తుంది. వాన నీటిలో బైకార్బొనేట్లు ఉండవు కాబట్టి ఇనుము సమస్యా తగ్గుతుంది. లేదంటే మంజీరా నల్లా నీళ్లు ఉండనే ఉన్నాయి.

ఇంత శ్రమ దేనికంటే ఆ వాసన కోసమే. లేత ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంటే సూది మొనతో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి తైల గ్రంథులు. వాటిలో పైనీన్, సాబినీన్, కారియోఫిలీన్, లినలూల్ వంటివి ఉంటాయి. అయితే ఇవన్నీ వేరే మొక్కల్లోనూ ఉన్నవే. కరివేపాకుకు మాత్రమే సొంతమైన ఆ కమ్మదనం ఎక్కడిదో 2015లో జర్మనీలోని ఫ్రైసింగ్ ఆహార రసాయన పరిశోధన కేంద్రంలో మార్టిన్ స్టైన్‌హౌస్ తేల్చారు. అది 1-ఫినైల్ఈథేన్‌థయాల్ అనే గంధకం ఉన్న పదార్థం. అతి సూక్ష్మ మోతాదులోనే ముక్కుకు తెలిసిపోతుంది. ఇలాంటి సుగంధాలు నీళ్లలో కంటే నూనెలో బాగా కరుగుతాయి. పోపులో వేసిన రెబ్బ చిటపటలాడినప్పుడు ఆకులోని తేమ ఆవిరై గ్రంథులు పగిలి, తైలం నూనెలోకి చేరుతుంది. ఎండబెట్టి సీసాలో దాచిన ఆకులో ఆ వాసన చాలావరకు పోతుంది కాబట్టే పెరటి చెట్టుకు ఇంత విలువ.

మరో కారణం కూడా ఉంది. పురుగుమందుల అవశేషాల కోసం యూరోపియన్ సమాఖ్య అదనపు తనిఖీలు పెట్టిన సరుకుల జాబితాలో ఇండియా కరివేపాకు చేరింది. బజారు ఆకు మీద ఆ అనుమానం ఉన్నప్పుడు ఇంటి చెట్టు నుంచి తుంచుకున్న రెబ్బ ధైర్యాన్నిస్తుంది.

ఈ మొక్క శాస్త్రీయ నామంలో ఉన్న మనిషి తెలుగు నేల మీదే కన్నుమూశాడు. యోహాన్ గెర్‌హార్డ్ కేనిగ్ స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు. 1768లో డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడి వచ్చి, కోరమాండల్ తీరమంతా మొక్కలు సేకరించాడు. లినేయస్ 1771లో కరివేపాకుకు శిష్యుడి పేరు కలిసేలా బెర్గెరా కేనిగీ అని నామకరణం చేశాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కేనిగ్ జిగట విరేచనాలతో మరణించినప్పుడు, సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఆయన పక్కనే ఉండి వైద్యం చేశాడు. తర్వాత చాలాకాలం ఈ మొక్కను ముర్రయా కేనిగీ అన్నారు. జన్యు పరిశోధనల తర్వాత మళ్లీ లినేయస్ పెట్టిన బెర్గెరా పేరుకే వస్తున్నారు.

పిలక దొరకని వారు విత్తనంతో మొదలుపెట్టవచ్చు. కాయలు వానాకాలంలో పండి నల్లబడతాయి. ఈ గింజ ఎండితే చచ్చిపోతుంది, కవరులో పెట్టి వచ్చే ఏడాదికి దాచుకునే రకం కాదు. పండిన కాయ గుజ్జు కడిగేసి, అదే వారంలో విత్తాలి. మూడు వారాలు దాటితే మొలక మీద ఆశ పెట్టుకోకూడదు. మొక్క మీటరు ఎత్తుకు రాగానే తల తుంచితే, కొస నుంచి కిందికి దిగే హార్మోను అడ్డు తొలగి కింది కణుపుల్లోంచి ఐదారు కొమ్మలు లేస్తాయి. ఆకు కోసేటప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. మనం రెబ్బ అనుకునేది నిజానికి ఒకే సంయుక్త పత్రం. దానికున్న చిట్టి ఆకుల్ని దూసి ఈనెను చెట్టుకే వదిలేస్తే కొత్త కొమ్మ రాదు. కొమ్మ కొసను చిగురుతో సహా తుంచితే కింద రెండు కొమ్మలు వస్తాయి. తెల్లటి పూల గుత్తులు కనిపిస్తే, విత్తనం అక్కర్లేని చెట్టు మీద వాటిని గిల్లేయాలి. ఆ బలం ఆకుకు పోతుంది. గట్టి కత్తిరింపు ఫిబ్రవరి మూడో వారం తర్వాతే చేయాలి. అంతకుముందు కత్తెర పెడితే, చిగురు వేయడానికి చెట్టు ఇంకా సిద్ధంగా ఉండదు, కోసిన కొమ్మల చివర్లు ఎండుతాయి.